తమ్ముడు పెరుగు అడిగాడు

జులై 20, శనివారం

చిరంజీవి చెల్లాయికి అక్క దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం, మీ బావ క్షేమం, ఆయన మోకాలు ఒక్కటే క్షేమం కాదు. అక్కడ నువ్వూ, మరిదిగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఆసుపత్రిలో నీకు రాత్రి డ్యూటీలు తగ్గించారో లేదో రాయి.

ఇక అసలు సంగతి. నిలబడి చదువుతుంటే కూర్చో. తమ్ముడు మా ఊళ్లో ఉన్నాడు. ఉత్తరం చింపకు. వాడి పేరెత్తొద్దని నువ్వు ఒట్టు పెట్టించుకున్నావు కదా, పేరెత్తకుండానే రాస్తున్నాను చూడు.

నేను పనిచేసే యూనిఫాం కొట్టుకు రెండు వీధుల అవతల పాత ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. దాని మేడ మీది హాలు బౌద్ధ భిక్షువులకు ఇచ్చారు. వానాకాలం మూడు నెలలూ వాళ్లు ఊళ్లు తిరగకుండా ఒకేచోట ఉండాలట. అలా ఐదుగురు వచ్చి దిగారు. మొన్నామధ్య కాజాలు కుట్టించడానికి చొక్కాల మూట పట్టుకుని ఆ వీధిన వెళుతుంటే వాళ్లు వరసగా ఎదురొచ్చారు. గుండ్లు, కాషాయాలు, చేతుల్లో భిక్షాపాత్రలు, కళ్లు నేలమీద. అందరూ ఒక్కలాగే ఉన్నారు. కానీ నాలుగో ఆయన ఎడమ పాదం కాస్త బయటికి వేసి నడుస్తున్నాడు. ఆ నడక మనింట్లో ముగ్గురికే ఉంది, నాన్నకీ నీకూ వాడికీ. మూట అక్కడే కింద పడేశాను. ఆ రోజు నేను కుట్టిన చొక్కాకి రెండూ ఎడమ చేతులే. మా కొట్టావిడ దాన్ని గోడకి తగిలించింది, వచ్చేపోయేవాళ్లు చూసి తరించాలని.

మర్నాటి నుంచీ భోజనం పట్టుకెళుతున్నాను. ముక్కు తుడిచి పెంచినవాడి ముందు మూడుసార్లు మోకరిల్లి భంతే, అంటే స్వామీ, అనాలి. అన్నాను. వాడు తల పంకించి ఉపాసికా అన్నాడు. భక్తితో వచ్చే ఆడవాళ్లందరినీ అలాగే పిలుస్తారట. మా వీధి ఇస్త్రీ ఆవిడా ఉపాసికే, నేనూ ఉపాసికనే.

మొదటిరోజే ఘనకార్యం చేశాను. బలంగా ఉన్న కోడిని ఎంచి, నా కళ్లముందే కోయించి, వండి తీసుకెళ్లాను. నోరు మూసుకుని వడ్డించొచ్చు కదా. మీకోసమే కోయించాను భంతే అన్నాను. వాడు పాత్ర మీద అరచెయ్యి అడ్డం పెట్టేశాడు. హాలంతా నావైపు చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్కడ భోజనాల గంట కొట్టి, వచ్చినవి అందించే పెద్దాయన ఒకరున్నారు. రిటైరైన పోస్ట్‌మాన్. అందరూ గంటాయన అంటారు. ఆయన నన్ను మెట్లమీదికి పిలిచి విడమరిచి చెప్పాడు. మాంసం అసలే తినకూడదని కాదమ్మా, తన కోసం చంపారని చూసినా, విన్నా, అనుమానం వచ్చినా తినకూడదు, అన్నాడు. బజార్లో ఎవరికోసమో కోసిన దాంట్లో పావుకిలో తెచ్చి మాట్లాడకుండా పెట్టి ఉంటే తినేవారే, మీకోసం అన్నావు చూడు, అక్కడ చెడింది, అన్నాడు. సొంత తమ్ముడికి వండి వాడికోసం అనకూడదంటే ఎవరికోసం అనాలే? మునిసిపాలిటీ కోసం అనాలా?

సరే, నా మొండితనం నీకు తెలుసు కదా. రెండురోజులాగి కూరలో ఉప్పు వెయ్యకుండా తీసుకెళ్లాను, ఉప్పేదని ఒక్కమాట అడుగుతాడేమోనని. ఆ చప్పిడి కూర ఊడ్చి తిన్నాడు. మిగతా నలుగురూ తిన్నారు, పాపం వాళ్లేం చేశారు. ఇంకోరోజు కారం రెట్టింపు వేశాను. వాడి కళ్లవెంట నీళ్లు కారాయి గానీ నోట్లోంచి మాట రాలేదు. గంటాయన మాత్రం రుచి చూసి దగ్గి దగ్గి మళ్లీ నన్ను మెట్లమీదికి పిలిచాడు.

ఈసారి ఆయన చెప్పింది నిదానంగా చదువు. ఒంట్లో బాగున్న భిక్షువు పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చేప, మాంసం లాంటివి తనకు కావాలని నోరు తెరిచి అడగకూడదు. అడిగి తింటే నియమం తప్పినట్టే, ఇంకో భిక్షువు దగ్గర ఆ తప్పు ఒప్పుకోవాలి. అయితే రెండు రకాలవాళ్లని అడగొచ్చు. ఏం కావాలన్నా అడగండి అని ముందే చెప్పి ఉంచినవాళ్లని. లేదంటే సొంత బంధువుల్ని.

సొంత బంధువుల్ని, చెల్లాయ్. కాషాయం కట్టిన రోజున ఇక నాకు అందరూ ఒకటే అన్నాడు కదా వాడు. ఆ మాటకే కదా నువ్వు సగంలో లేచి వచ్చేసి, ఇక మనకు తమ్ముడు లేడనుకో అన్నావు. వాడు నన్ను ఏదైనా అడిగాడంటే అందరూ ఒకటి కాదన్నమాటే కదా. మనం వాడికి ఇంకా అక్కలమన్నమాటే కదా.

మిగతా ఇళ్లవాళ్లంతా వచ్చిన రోజే చెప్పేశారు, మీకేం కావాలన్నా అడగండి భంతే అని. నన్నూ చెప్పమని గంటాయన పోరుతున్నాడు. నేను చెప్పను. చెప్పానంటే, రేపు వాడు అడిగినా నేను చెప్పినందుకు అడిగాడో, అక్కనని అడిగాడో తేలదు. చెప్పకుండా ఉండి, అప్పుడు అడిగితే ఇక తిరుగులేదు. మీ బావ ఇదంతా విని, విప్పుతున్న మిక్సీ విప్పుతూనే, నీకు పిచ్చి అన్నాడు. ఇది పిచ్చా? నువ్వే చెప్పు.

పిల్లలకు ముద్దులు.

నీ అక్క


ఆగస్టు 18, ఆదివారం

చెల్లాయికి అక్క కోటి దీవెనలు.

క్షేమసమాచారాలు తర్వాత, ముందు ఇది చదువు. అడిగాడే. వాడు నన్ను అడిగాడు.

నీ జవాబు అప్పుడే అందింది. అడిగితే రాయి, అడక్కపోతే రాయకు అని ఒక్క ముక్క గీకి పడేశావు. అందుకే ఇన్నాళ్లూ పెన్ను ముట్టుకోలేదు. రోజూ వెళ్లాను, వడ్డించాను, మూడుసార్లు మోకరిల్లాను, మీ బావతో పాటు నా మోకాళ్లూ పోయాయి. వాడు రోజూ ఉపాసికా అన్నాడు, పెట్టింది తిన్నాడు, అంతే. మధ్యాహ్నం దాటితే మంచినీళ్లు తప్ప గొంతు దిగకూడదు వాళ్లకి. చూస్తుండగానే వాడి మెడ ఎముకలు బయటపడ్డాయి. ఇస్త్రీ ఆవిడ కూడా గమనించింది. మీకేం కావాలన్నా అడగండి అనే మాట ఎన్నిసార్లు నా నాలిక చివరిదాకా వచ్చిందో. వచ్చినప్పుడల్లా మింగేశాను.

పోయినవారం గంటాయనకి నామీద కోపం వచ్చింది. ఊళ్లోవాళ్లంతా అడగమన్నారు, సొంత అక్కవి, నీ నోటికేం వచ్చిందమ్మా అని నిలదీశాడు. ఇక దాచలేక ఆయనకి మొత్తం చెప్పేశాను, నువ్వు లేచి వచ్చేసిన సంగతితో సహా. ఆయన గడ్డం గోక్కుంటూ గంట కొట్టడానికి వెళ్లిపోయాడు.

నిన్న భోజనాలయ్యాయి. భిక్షువులు దీవెన చదవడమూ అయింది. నేను గోడవైపు తిరిగి గిన్నెలు సర్దుతున్నాను. వెనకనుంచి ఎవరో అక్కా అన్నారు. ఇంకెవరి అక్కనో అనుకుని నేను తిరగలేదు. మళ్లీ అక్కా అని వినిపించింది. తిరిగి చూస్తే వాడు. నాలుగడుగుల అవతల, చేతులు కాషాయంలో పెట్టుకుని, అందరి ఎదుటా నిలబడి ఉన్నాడు. రేపు వీలైతే కాస్త పెరుగు తెస్తావా అక్కా అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? ఊఁ అన్నాను. ఇన్నాళ్లు కాచుకున్న మాట వినపడితే నా నోట్లోంచి వచ్చింది ఊఁ.

ఆ తర్వాత నా కాళ్లు నేలమీద లేవు. కొట్టుకు వెళ్లకుండా తిన్నగా పాల దుకాణానికి వెళ్లాను. చిక్కటి పాలు కావాలంటే, ఎంత చిక్కగా అన్నాడు దుకాణం అతను. తమ్ముడు అడిగాడు, ఆ మాత్రం చిక్కగా అన్నాను. ఇంట్లో మూకుడు మూతలు చప్పుడవుతుంటే మీ బావ ఎవరొస్తున్నారని అడిగాడు. ఏళ్ల తరబడి కళ్లు మూసుకుని తోడేసేదాన్ని, నిన్న చెంచాతో కొలిచాను. ఎక్కువైతే పులుస్తుందేమో, తక్కువైతే తోడుకోదేమో అని రెండు గిన్నెల్లో వేశాను. ఆ గిన్నెల దగ్గర గట్టిగా అడుగులు వెయ్యొద్దని మీ బావకి చెప్పాను. పాపం, ఆ మోకాలితోనే మునివేళ్లమీద నడిచాడు.

పొద్దున మూత తీస్తే గడ్డ పెరుగు. గిన్నె వంచినా కదల్లేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని రిక్షాలో వెళ్లాను, నడిస్తే కుదుపుకి చెదురుతుందని. చేతికి అందించనిదే వాళ్లు తినకూడదు కదా, నేనే రెండు చేతులతో అందించాను. నాకైతే వాడి మొహంలోకి చూసే ధైర్యం లేకపోయింది, గిన్నెనే చూస్తూ కూర్చున్నాను. మొత్తం తిన్నాడే. అన్నంలో కలుపుకుని కొంత, ఉత్తదే కొంత, అడుగుదాకా తిన్నాడు. ఆ గిన్నె ఇంకా కడగలేదు, కడగబుద్ధి కావడం లేదు.

ఇప్పుడు చెప్పు, మనకు తమ్ముడు లేడా? అడగమని చెప్పిన ఇళ్లు అన్ని ఉండగా, చెప్పని నన్ను అడిగాడు. ఏ హక్కుతో అడిగాడో నువ్వే అనుకో. నాకు సంతోషంతో కడుపు నిండిపోయి మధ్యాహ్నం అన్నం కూడా సహించలేదు. నీ ఒట్టు సంగతి ఇక నువ్వే తేల్చుకో, నేను గట్టున పడ్డాను.

మేమిద్దరం క్షేమం. మోకాలి సంగతి షరా మామూలే.

నీ అక్క

తా.క.: సోమవారం సాయంత్రం. కవరు అతికించకపోవడం మంచిదైంది.

నిన్న రాయడం అయ్యాక ఉత్తరం మీ బావకిచ్చాను, ఆయనా సంతోషిస్తాడని. సగం చదివి కళ్లజోడు తీసేశాడు. పెరుగా, వాడా, అన్నాడు. మన పెళ్లిభోజనాల్లో పక్కనున్నాయన సరదాకి వాడి పళ్లెంలో పెరుగు వేయిస్తే, వాడు లేచి పరిగెత్తి సరిగ్గా పెళ్లికొడుకు కొత్త చెప్పుల్లో కక్కుకున్నాడు కదా. ఆ చెప్పులు ఎవరివనుకున్నావు, నావే, అన్నాడు.

నువ్వు పెరుగు అన్న మాట దగ్గరే కనిపెట్టేసి ఉంటావు. పెరుగు గిన్నె మూత తీస్తే అవతలి గదిలోకి పారిపోయేవాడు. తోడు వాసన తగిలితే అన్నం వదిలేసేవాడు. ఎలా మరిచిపోయానే నేను? అడిగాడన్న సంబరంలో ఏమడిగాడో చూసుకోలేదు.

ఇవాళ వెళ్లగానే గంటాయనని మెట్లమీద పట్టుకున్నాను. కాసేపు నీళ్లు నమిలి ఒప్పుకున్నాడు. నేను చెప్పింది ఆయన కడుపులో ఆగలేదు. మీ అక్క మీరు అడగాలని కాచుకుని ఉంది, ఇంకో అక్కకి కూడా అదే కావాలట, అని తమ్ముడికి చెప్పేశాడు. దానికి వాడు అన్నాడట, అక్కని అడిగితే నియమం తప్పదు, నిజమే. కానీ నోరూరి అడిగితే మాత్రం ఎవర్నడిగినా నా లోపల తప్పినట్టే. అలాగని అడక్కపోతే అక్క బాధపడుతుంది. నాకు ఆశలేనిది ఏదైనా అడుగుతాను, అని. ఆ ఆశలేనిది ఏమిటో గంటాయనకి తెలియదు. భోజనమయ్యాక వెనక కుళాయి దగ్గర ఎంతసేపు నోరు కడుక్కున్నాడో, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నానమ్మా అన్నాడు.

ముందు నాకు కోపం వచ్చింది. కావాలని అడగలేదన్నమాట, ఏడిపించకుండా ఉండటానికి అడిగాడన్నమాట. ఆ తర్వాత ఆ మెట్లమీదే కూలబడి ఏడ్చాను. అందరూ ఒకటే అయితే ఇస్త్రీ ఆవిడ కోసం గిన్నెడు పెరుగు తింటాడా వాడు?

కళ్లు తుడుచుకుని పైకి వెళ్లి, మోకరిల్లి, మీకేం కావాలన్నా అడగండి భంతే అని అందరిలాగే చెప్పేశాను. వాడు తల వంచి నవ్వాడు. కానీ నాకు తెలిసిపోయింది చెల్లాయ్, వాడికి ఇష్టమైనది వాడు ఎప్పటికీ అడగడు. అడక్కుండానే తీసుకెళ్లాల్సింది మనం. నేనేమో ఇన్నాళ్లూ అడిగితే గానీ ఇవ్వనని బిగుసుకు కూర్చున్నాను.

అయితే వాడికి ఏమిష్టమో నాకు తెలియదు. నా పెళ్లయ్యేనాటికి వాడు చిన్నవాడు, ఆ తర్వాత అన్నం కలిపి తినిపించింది నువ్వు. రాసి పంపొద్దు. వచ్చి వండు.