మనోడు కానోనికి ఒక ఓటు

ఇబ్రి, ఒమన్, 1979.

అక్క రాజవ్వకు తమ్ముడు మల్లయ్య చేతులు జోడించి రాసేది. నేను మంచిగున్న. నువ్వు, బావ, పిల్లలు మంచిగున్నరని అనుకుంటున్న. నీ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? బీడీల చాట ముందు కూసోని కూసోని తెచ్చుకున్న నొప్పి అది. నడుమ నడుమ లేచి నాలుగడుగులు తిరుగుమంటే ఇనవు.

మిగతా సంగతులకన్న ముందు ఒక మాట. నీ మరిది పోశెట్టి బతికే ఉన్నడు. మంచిగున్నడు. నిన్న నా పక్కన కూసోని రెండు పళ్లాలు బువ్వ తిన్నడు, పప్పుల ఉప్పెక్కువైందని వంటాయనను తిట్టిండు గూడ. ఒమన్ ఎండకు పోశెట్టి పోయిండని ఊర్లె ఎవడో పుకారు లేపిండని రాసినవు. ఆ లేపినోడు నాకు దొరకాలె! పోశెట్టి భార్య లచ్చవ్వకు ఈ ముక్క ముందు చదివి ఇనిపించు. ఆమె కండ్లు తుడుచుకున్నంక మిగతాది చదువుకోండ్రి.

పుకారు మొత్తం ఉత్తదేం గాదు. దాచి లాభం లేదు, రాస్త. మాది రోడ్డు సైట్. నేను స్టోరుల సామాను అప్పజెప్పే పనిల ఉన్న గనుక నా నెత్తి మీద రేకన్న ఉంటది. పోశెట్టోళ్లకు కాళ్ల కింద కాగే డాంబరు, నెత్తి మీద సూర్యుడు. ఇక్కడి ఎండ మన రోహిణి ఎండ లెక్క గాదక్కా. గాలి ఆడుతది, కాని ఆ గాలే పొయ్యిల నుంచి వచ్చినట్టుంటది. మిట్టమధ్యాహ్నం పార చేతుల ఉండంగనే పోశెట్టి కూలబడ్డడు. మాట లేదు, చెమట లేదు. ముకద్దం, అంటే కూలీల మీది మేస్త్రీ, "నీళ్లు చల్లుండ్రి, లేస్తడు" అన్నడు. గుల్ ఖాన్ అని డంపర్ నడిపే పఠాన్ ఒకడున్నడు, పెషావర్ దిక్కోడు. ఆయన ఎవ్వరినీ అడగలేదు. లోడు అక్కడ్నే గుమ్మరించి, మనోణ్ని ఎత్తి క్యాబిన్ల పండబెట్టుకొని ఇబ్రి దవాఖానకు ఉరికిచ్చిండు. గ్లూకోజు ఎక్కిచ్చిండ్రు. మనిషి దక్కిండు.

దక్కినంక నాకు కోపం మొదలైంది. నీకు తెలుసు నా కోపం.

మా క్యాంపుల ఇండియోళ్లు, పాకిస్తానోళ్లు, సిలోనోళ్లు, సూడానోళ్లు ఉన్నరు. యూనియన్ అనే మాట ఇక్కడ నోట్లెకెళ్లి రావొద్దు, విమానం ఎక్కించి ఇంటికి తోలుతరు. మెస్ కమిటీ అని ఒకటి ఉంటది, దేశానికి ఒక్కడు. ఆ ఒక్కణ్ని ఎవరు ఏరుతరు? ముదీర్, అంటే మేనేజర్! ఏరేది ఎవర్ని? ముకద్దంలను! నెలకోసారి వాళ్లు పోయి ఆయన ఏసీ రూముల శర్బత్ తాగి, "అంతా బాగుంది సాబ్" అని వస్తరు. మధ్యాహ్నం డ్యూటీ బంద్ పెట్టుమని ఒక్కడన్న అడిగిండా? అడగడు. వాడు టెంటు కింద ఉంటడు. వాణ్ని మేం పంపలేదు, మా దిక్కు వాడు మాట్లాడుడేంది అని మెస్సుల బల్ల గుద్దిన.

యూసుఫ్ భాయ్ నా చెయ్యి పట్టుకున్నడు. ఈయన మన హైదరాబాదోడే, డ్రైవరు. అరబ్బీ వస్తది గనుక ముదీర్ దగ్గర మాటలు తర్జుమా చేస్తడు. "అరే లీడర్ సాబ్, బల్ల ఏం చేసింది నిన్ను? రేడియో ఇను" అన్నడు. ఆయన ట్రాన్సిస్టర్ల వార్త వస్తున్నది. ఐరోపాల తొమ్మిది దేశాలకు కలిపి ఒక పార్లమెంటు ఉన్నదట. ఇన్నేండ్లు ఆయా దేశాల పార్లమెంట్లే తమ మనుషులను ఏరి పంపినయట. ఇప్పుడు మొదటిసారి జనమే నేరుగ ఓట్లేస్తున్నరట. ఇనంగనే లేచి నిలబడ్డ. వాళ్లకొక న్యాయం, మాకొకటా?

ముదీర్‌ను అడిగితే నవ్విండు. "చేసుకోండ్రి. తన్నుకోకుంటే చాలు." తన్నుకుంటమనే ఆయన ఆశ.

చేసినం. అయిదు సీట్లు, ఒక్కో సీటుకు మనిషికో ఓటు, ఎవరికెక్కువొస్తే వాళ్లు. ఏమైంది? ఎవనోనికి వాడు ఏసుకున్నడు. పాకిస్తానోళ్లు ఎక్కువ, అయిదు సీట్లూ వాళ్లకే పోయినయ్. మలయాళోళ్లు మెస్సుకు వచ్చుడు బంద్ పెట్టిండ్రు. "ఇంతకన్న ముకద్దంలే నయం" అనే దాక వచ్చింది. అడిగే నోరు ఒక్కటి గాకముందే విరిగిపోయింది. మధ్యాహ్నం డ్యూటీ నడుస్తనే ఉంది. దవాఖాన నుంచి వచ్చిన పోశెట్టిని మళ్ల డాంబరు దగ్గరికి పిలుస్తున్నరు. ఇప్పుడు అడగకుంటే వాడు ఇంకోసారి పడితే లేవడని నాకు భయం.

పాత పద్ధతే పెడదాం, దేశానికి ఒక్కడు అన్నరు కొందరు. రెండు బారకుల నిండ ఉన్నోళ్లకు ఒక చెయ్యి, ఒక్క రూము నిండనోళ్లకు ఒక చెయ్యా? అది న్యాయం గాదు. తలకాయలే లెక్కబెడదామా? అప్పుడు సూడానోని మాట ఎవడింటడు? అదీ న్యాయం గాదు. ఐరోపాల గూడ ఇదే పంచాయితట, చిన్న దేశాలకు కొంచెం ఎక్కువ సీట్లిచ్చి సర్దిండ్రట. సర్దితే సరిపోయిందా? ఎవని దేశంల వాడే ఓటేసుకుంటే, అక్కడికి పోయినోడు ఎవరికి భయపడుతడు? తన ఇంటోళ్లకే!

మళ్ల బల్ల గుద్దిన. "మనోనికి మనోడు ఓటేసుడు ఎన్నిక గాదు, జనాభా లెక్క! మనిషికి రెండు ఓట్లు పెట్టుండ్రి. ఒకటి ఇష్టమొచ్చినోనికి. రెండోది మన దేశపోడు కానోనికే వెయ్యాలె. వెయ్యకుంటే రెండూ చెల్లవు. ఏ దేశానికీ రెండు సీట్ల కన్న మించొద్దు."

వర్గీస్ అని మలయాళీ వడ్రంగి ఉన్నడు. "వాళ్లల్ల ఎవడెవడో నాకేం ఎరుక?" అన్నడు.

"ఎరుక లేకనే గదా ఈ గోస! పోయి ఎరుక చేసుకో."

అందరూ సై అన్నరు, వారానికి మళ్ల ఎన్నిక పెట్టుకున్నం. ఆ వారం చూడాలె అక్కా! ఇన్నాళ్లు నల్లా దగ్గర కొట్టుకున్నోళ్లు ఒకని రూముకు ఒకడు పోవుడు. గుల్ ఖాన్ మా రూముకు వచ్చి పచ్చిపులుసు తాగి, కండ్లల్ల నీళ్లు పెట్టుకొని "బహుత్ అచ్ఛా" అన్నడు. పోశెట్టి, "ఓటు కోసం పచ్చిపులుసు తాగుతున్నడు బావా, మన ఊరి లీడర్లు సారా పోసినా ఇంత కష్టపడలే" అని పడి పడి నవ్విండు. పడ్డంక వాని నవ్వు నేను వినుడు అదే మొదలు.

నేను గూడ నిలబడ్డ. రూము రూముకు పోయి ప్రజాస్వామ్యం అంటే ఏందో చెప్పిన. ఓడిపోయిన! నవ్వకు. వర్గీస్ గెలిచిండు, సిలోనోడు, సూడానోడు గెలిచిండ్రు, గుల్ ఖాన్‌కు అందరికన్న ఎక్కువొచ్చినయ్, ఇంకో పాకిస్తానోడు గూడ వచ్చిండు. "సాబ్, మీరు మంచోళ్లే. కాని మా రూముకొచ్చి మమ్ముల ఒక్క మాట మాట్లాడనియ్యలే" అన్నడు వర్గీస్. పోశెట్టి తన ఒక ఓటు నాకే వేసిన్నని ఒట్టు పెడుతున్నడు. నాకు నమ్మకం లేదు.

అయిదుగురూ ముదీర్ దగ్గరికి పోయిండ్రు. లోపల జరిగింది యూసుఫ్ భాయ్ చెప్పిండు. మధ్యాహ్నం పని ఆపుమని అడిగితే, ముదీర్ గుల్ ఖాన్ దిక్కు తిరిగి తియ్యగ అన్నడట: "బండ్లు నడిపేటోళ్లకు సెలవిస్త. పార పట్టేటోళ్ల సంగతి తర్వాత చూద్దాం." బండ్లు నడిపేటోళ్లల్ల ఎక్కువ మంది గుల్ ఖాన్ దేశపోళ్లే. మిగతా నలుగురూ గుల్ ఖాన్ దిక్కు తిరిగిండ్రట.

గుల్ ఖాన్ అన్నడట: "ముదీర్ సాబ్, నాకు పడ్డ ఓట్లల్ల సగం పార పట్టేటోళ్లవి. వాళ్లను ఎండల విడిచి నేను నీడకు పోతే, రేపు వాళ్ల రూముల ఏ మొఖం పెట్టుకొని చాయ్ తాగాలె?"

ముదీర్‌కు కోపమొచ్చింది. అయిదుగురినీ విమానం ఎక్కిస్తనన్నడు. రెండు రోజులు అదే బెదిరింపు. నేనైతే పెట్టె సర్ది పెట్టుకున్న. ఆఖరుకు యూసుఫ్ భాయే మెల్లగ చెప్పిండట: "వీళ్లను పంపితే ఒక్క దేశపోళ్లు అలిగేది గాదు సాబ్. ఒక్కొక్కనికి అన్ని దేశాలోళ్లూ ఓటేసిండ్రు. ఎవర్ని ముట్టుకున్నా అందరూ అలుగుతరు." ముదీర్ సరే అన్నడట. ఇప్పుడు తెల్లారకముందే డ్యూటీ ఎక్కుతున్నం. సూర్యుడు నెత్తి మీదికి రాంగనే పని బంద్. వాలినంకనే మళ్ల పార.

అంత మాత్రానికే అన్నీ గెలిచినమని రాస్తలేను. ముదీర్ రేపు కాదంటే కాదే, ఆఖరి మాట ఇంకా ఆయనదే. ఐరోపా పార్లమెంటుకు గూడ చట్టం తానుగ తెచ్చే అధికారం లేదట, అభిప్రాయం చెప్పుడే ఎక్కువట. ఓటు పెట్టి అధికారం పెట్టకపోతే అది ముదీర్ పోసే శర్బతే. దాని కోసం ఇంకా కొట్లాడాలె, వాళ్లూ మేమూ. ఫ్రాన్సోడు జర్మనోని ఇంటికి పోయి ఓటడిగే దినం వచ్చినప్పుడు నేను మెచ్చుకుంట. అప్పటిదాక మెచ్చుకోను.

నాకు బువ్వకు తక్కువ లేదు, ఒంటరిగ అనిపించేది సెలవు దినం, శుక్రవారం నాడే, అది గూడ పొద్దూకినంక పోతది. రంది పెట్టుకోకు. ఎవరన్న ఇటు వచ్చేటోళ్లుంటే మామిడికాయ తొక్కు పంపు, కొంచెం ఎక్కువ పంపు, గుల్ ఖాన్ అడుగుతున్నడు. బావకు, పెద్దమ్మకు నా దండాలు. పిల్లలు బడికి పోతున్నరా రాయి.

ఈ ఉత్తరం సెలవునాడు రాస్తలేనక్కా. డ్యూటీ దినం, మిట్టమధ్యాహ్నం రాస్తున్న. బయట ఒక్క బండి చప్పుడు లేదు, రోడ్డంత ఖాళీగ ఉంది. పోశెట్టి నా కాళ్ల దగ్గర చాప మీద గురక పెడుతున్నడు. ఆ గురకకు రాసుడు సాగుతలేదు. లేపబుద్ధి కాలే.

నీ దీవెన ఎప్పుడూ నెత్తి మీద ఉండాలని కోరే,
నీ తమ్ముడు
మల్లయ్య