సగం కార్డు తినేసిన చిలుక

అక్కా, నేను క్షేమం. జ్వరం తగ్గింది, జలగలే తగ్గలేదు. కార్డులో సగం చిలుక బొమ్మే ఉందని తిట్టుకోకు. అది వేసింది నేను కాదు, మా శిబిరం వంటాయన.

పక్షుల పుస్తకానికి బొమ్మలు వేయాలని వచ్చిన నేను ఈ చిలుక కోసం నెల రోజులుగా కొండ ఎక్కి దిగుతున్నాను. పిచ్చుకంత పిట్ట. ఒళ్ళంతా ఆకుపచ్చ, నడుం మీద ఎర్రటి ఈకలు. ఎత్తైన చెట్ల పూలల్లో తేనె తాగుతూ తలకిందులుగా వేలాడితే ఆకుల్లో ఆకే. నాకు దాని తోక కూడా కనబడలేదు.

నిన్న వంటాయన అంట్లు తోముతూ, "అదా అమ్మా? రోజూ మన వంటింటి వెనక చెట్టు తొర్రలోకే పోతుందిగా! గూటికని ఆకు పీలికలు నడుం ఈకల్లో దోపుకుంటుంది, మా ఆవిడ తాళాలు దోపుకున్నట్టు" అన్నాడు. నేను నమ్మలేదని, నీకోసం పెట్టుకున్న కార్డు లాక్కుని పొయ్యిబొగ్గుతో గీసేశాడు. రెండు నిమిషాలు పట్టలేదు. కూరలో ఉప్పు సరిగ్గా వేయడం రాని మనిషికి ఆ చెయ్యేమిటే! నాకు ఒళ్ళు మండిపోయింది.

సన్న కుంచెలు రెండు పంపు. మీ వంటింటి కుళాయి బాగుచేయించారా? నీ దగ్గరున్న నా బుజ్జిదానికి ఆ కదిలే పన్ను ఊడిందా? దానికి ముద్దులు, బావగారికి నమస్కారాలు.

బొగ్గు చెరగకుండా గంజినీళ్ళు చిలకరించి ఆరబెట్టింది నేనే కాబట్టి, బొమ్మ అమ్మే వేసిందని బుజ్జిదానికి చెప్పు. బొమ్మ నీకు ఎంత నచ్చినా సరే, ఆ ముక్క మాత్రం నాకు రాయకు.

నీ చెల్లి