కూలర్ కింద స్టిక్కర్

తమ్ముడూ, కంప్యూటర్ ఆన్ చెయ్యకు. సగం ధరకి వెనక్కిచ్చేసి గేమింగ్ లాప్‌టాప్ తెచ్చుకుంటానన్నావు కదా, షాపుకీ వెళ్లకు. ముందు ఇది చదువు.

పది నిమిషాలకోసారి ఎందుకు ఆగిపోతోందో తెలిసింది. నువ్వు లేవకముందే ప్రాసెసర్ మీది కూలర్ విప్పి చూశాను. దాని అడుగున పల్చటి ప్లాస్టిక్ స్టిక్కర్ అలాగే ఉంది. వేడి కూలర్‌కి ఎక్కే దారే లేదు, పాపం అదేం చేస్తుంది!

స్టిక్కర్ పీకేసి, వేడిని కూలర్‌కి చేరవేసే పాత పేస్టు తుడిచేశాను. కొత్త పేస్టు ట్యూబు అట్టపెట్టెలోనే ఉంది. ప్రాసెసర్ మీద బఠాణీ గింజంత పెట్టి, కూలర్ దానిమీద కూర్చోబెట్టి, నాలుగు స్క్రూలూ కొంచెం కొంచెంగా బిగించు. ఫ్యాన్ వైరు మర్చిపోకు. ఐదింటిలోగా నువ్వు ఎడిట్ చేస్తున్న వీడియో ఆ కంపెనీవాళ్లకి చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుందని నాకూ కంగారుగానే ఉంది. ఇవాళ బస్టాండ్ కౌంటర్లో ఎవరికి ఏ ఊరి టికెట్ కొడతానో ఏమో.

భోజనం మూతపెట్టి ఉంచాను. తినకుండా కూర్చోకు. వీడియో వెళ్లగానే ఒక్క మెసేజ్ పెట్టు.

లాప్‌టాప్ వద్దు, అదే డబ్బుతో డెస్క్‌టాప్ బిగించుకుంటే రెండింతలు పనిచేస్తుందని పట్టుబట్టింది నేనే. నిన్న నాన్న నిన్ను చేతగానివాడన్నప్పుడు మాత్రం నోరు మెదపలేదు.

ఇంకొక్క మాట. బిగించిన రోజు నువ్వు ఆ స్టిక్కర్ పీకబోతే, "వారంటీ పోతుందిరా!" అని నీ చేతి మీద ఒక్కటేసిందెవరో గుర్తుందా? సాయంత్రం నాన్న ముందు గట్టిగానే చెప్తాను: తప్పు అక్కది.