ఐదో అంతస్తులో కలిపిన మందు

ఆదివారం, మార్చి 9

చెల్లికి,

అక్క ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం కులాసా. అక్కడ నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను అని రాయాలి గానీ, ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ నువ్వు దగ్గడం మొదలుపెట్టావు, నేను ఏం వండుకున్నారని అడిగి పెట్టేశాను. కాగితమైతే దగ్గదు కదా.

ముందు ఇంటి కబుర్లు. నువ్వు పుట్టింటికి వెళ్లినప్పటినుంచీ మా మరిది, అంటే మీ ఆయన, రోజూ మా ఇంట్లోనే తింటున్నాడు. కూర బాగుందని నోటితో అనడు, గిన్నె మాత్రం తోమక్కర్లేకుండా చేసి లేస్తాడు. వచ్చే వారం నీ దగ్గరికి వస్తానంటున్నాడు, నీ ఎర్ర దుప్పటి ఇచ్చి పంపుతాను. మీ బావగారు కొత్త చెప్పులు కొని, అవి కరుస్తున్నాయని పాతవే వేసుకు తిరుగుతున్నారు. మనం గడియారం అని పేరు పెట్టిన సూపర్‌వైజరు ఇంకా అలాగే ఉన్నాడు, మణికట్టు చూసుకోకుండా ఒక్క మాటా మాట్లాడడు.

అసలు సంగతికి వస్తాను. మొన్న సోమవారం ఇద్దరు ఆడవాళ్లు కొత్తగా పనిలో చేరారు. పాత మనిషివి, నువ్వే నేర్పించు అన్నాడు గడియారం. ఐదో అంతస్తు బాత్రూముకి తీసుకెళ్లాను. తొమ్మిదికల్లా ఆఫీసువాళ్లు వచ్చేస్తారు, ఒక్కో టైలునీ రుద్దుతూ కూచుంటే మన వంతు నాలుగు అంతస్తులు ఎప్పటికి తెములుతాయి, అందుకని మనకో పద్ధతి ఉంది అని మహా గొప్పగా మొదలుపెట్టాను. మరకల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లించాను. యాసిడ్ సీసా మూత తీసి చిన్నావిడ చేతికి ఇవ్వబోయాను. ఆవిడ అచ్చం నీలాగే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఎంత పొయ్యాలో చెప్పమన్నట్టు నా వైపే చూస్తోంది. నా చెయ్యి ఆగిపోయింది. ఏమైందని పెద్దావిడ అడిగితే, పౌడర్ కడిగేయండి, ఇవాళ ఉత్త సబ్బునీళ్లు చాలన్నాను.

చెల్లీ, ఆ మందు కలపడం నీకు నేర్పింది నేనే. పౌడర్ మీద యాసిడ్ పొయ్యి, పొగ లేస్తే తల అటు తిప్పుకో, రెండు నిమిషాల్లో మరక ఎగిరిపోతుంది అన్నాను. కిటికీ కూడా లేని గది అది. ఆ రోజు నువ్వే ఎక్కువ పోశావో, నేనే పొయ్యమన్నానో. లేదు, నేనే పొయ్యమన్నాను. బయట వరండా తుడుస్తూ, ఇంకా అవలేదా అని కేకేశాను కూడా. నువ్వు తలుపు తీసుకుని వచ్చి గోడ పట్టుకుని కూలబడితే, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, అందుకే కళ్లు తిరిగాయని చుట్టూ చేరినవాళ్లకి నేనే చెప్పాను. నీకు మాట రావడం లేదు, నీ తరఫున నా నోరు మాత్రం జోరుగా నడిచింది.

తర్వాత చేసింది ఇంకా పాపం. నెల తిరిగినా నీ దగ్గు తగ్గలేదు, మెట్లెక్కలేక ఆగిపోతున్నావు. గడియారం నన్ను పక్కకి పిలిచి, ఈ మనిషికి ఈ జబ్బు ముందునుంచీ ఉందా అని అడిగాడు. ఉందన్నాను. పుట్టింట్లో కట్టెల పొయ్యి పొగకి చిన్నప్పటినుంచీ ఆయాసమే అన్నాను. మీ అమ్మ గ్యాసు పొయ్యి మీద వండుతుందని నాకు తెలియదా? ఈ కలిపే పద్ధతి బయటపడితే నేర్పినదాన్ని నన్నూ గెంటేస్తారని భయం. మర్నాడే హాజరు పుస్తకంలో నీ పేరు కొట్టేశాడు. మనకి వేరే ఉద్యోగపు కాగితమేముంది, అక్కడ గీత పడితే మనం ఆ మేడలో ఎప్పుడూ అడుగు పెట్టనట్టే లెక్క.

డాక్టరు దగ్గర పని సంగతి ఎత్తకు అని నీచేత ఒట్టు కూడా వేయించాను. నువ్వు నా మాట జవదాటవు. ఎందుకొచ్చిన దగ్గో తెలియక ఆయన వారానికో మందు మారుస్తున్నాడని మా మరిది చెప్పాడు. ఇంక చాలు, ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. బ్లీచింగ్ పౌడర్, బాత్రూము యాసిడ్ రెండూ కలిపి, కిటికీ లేని గదిలో, పావుగంట సేపు, రెండు నెలల కిందట. ఈ ముక్క ఆయనకి చదివి వినిపించు. రేపు పొద్దున్న పనిలోకి వెళ్లగానే గడియారానికీ ఇదే చెబుతాను. తీసేస్తే తీసేస్తాడు.

ఆ పాడు పొగ మనిషిని ఇంత చేస్తుందని నాకేం తెలుసు చెల్లీ? తెలిస్తే నీ చేతికి ఇస్తానా? పని త్వరగా తెములుతుందని అనుకున్నాను, అంతే. నన్ను తిట్టు, మాట్లాడటం మానెయ్యి, పడతాను. మందులు మాత్రం మానకు.

ఇట్లు,
నీ తోడికోడలు,
నువ్వు నోరారా అక్కా అని పిలిచే మనిషి

తా.క.: కవరు అంటించి మళ్లీ విప్పాను. పైన నాకేం తెలుసు అని రాశాను చూడు, అది అబద్ధం. నువ్వు కాపురానికి రాకముందు, అదే గదిలో అదే పొగకి నేనూ పడ్డాను. పదిహేను రోజులు ఊపిరి సరిగ్గా అందలేదు, ఇంట్లో జలుబని చెప్పాను. ఆ తర్వాత ఆ యాసిడ్ నేను ఒక్కసారీ పొయ్యలేదు. మరకలు మాత్రం పోవాలి కదా, కొత్తగా వచ్చినవాళ్లచేత పోయిస్తూ వచ్చాను. ఇంట్లో ఖాళీగా ఉన్న నిన్ను బతిమాలి పనిలోకి తెచ్చింది కూడా అందుకే. మోకాళ్ల నొప్పులు, వంగలేను అని చెప్పి బాత్రూములు నీకిచ్చి, వరండాలు నేను తీసుకున్నాను. నా మోకాళ్లకి ఏ నొప్పీ లేదు.