ఇంకా ఆరని గది

రాహేలక్కా,

నిన్న చర్చిలో ఫాదర్ నా ఓర్పును అందరి ముందూ మెచ్చుకున్నారు. అప్పటినుంచి జపమాల పట్టలేకపోతున్నాను, అందుకే రాస్తున్నాను.

బాత్రూమ్ పగలగొట్టించాక అత్తగారిని గొడుగు పట్టి పక్కింటికి నేనే తీసుకెళ్తున్నాను. "మళ్ళీనా అమ్మచ్చీ, మా ఇంట్లోనే మంచం వేయించనా?" అని పక్కింటి ఏలిక్కుట్టి నవ్వుతుంది. ఆ మాట పడలేక అత్తగారు నీళ్లు తాగడం మానేశారు. పెదాలు పగిలాయి.

నేను బాలింతనై వానలో పెరట్లోకి వెళ్తుంటే, "కోడళ్లకి లోపలి బాత్రూమ్ ఎందుకే" అన్నది ఆవిడే.

బాత్రూమ్ పని కిందటి వారమే అయిపోయింది. వాడుకోవచ్చని మేస్త్రి చెప్పి వెళ్ళాడు. "ఇంకా ఆరలేదు అమ్మచ్చీ" అని నేనే తాళం వేశాను. నిన్న చర్చి నుంచి రాగానే ఆవిడ నా చేయి పట్టుకుని, "నీలాంటి కోడలు ఎవరికీ దొరకదే" అన్నారు. ఇవాళ కూడా తాళం తీయలేదు.

ఈ కాగితాలు నీ దగ్గరే ఉంచు. బావగారికి కూడా చూపించకు.