పాకం వాసన

చిన్నోడా,

పేరు పెట్టకముందే పోయినావు, అందుకే నిన్ను ఇట్లనే పిలుస్తాండా. నీకు చెల్లెలు పుట్టింది. రేపు తొట్లలో వేసి పేరు పెడతాము.

నీ ఉచ్చగుడ్డలు బెల్లంపాకం వాసనొస్తాంటే, బంగారు బిడ్డ అని అవ్వ మురిసిపోయింది. నేనూ నవ్వినా. నువ్వు పోయినాకనే అనంతపురంలో డాక్టరమ్మ చెప్పింది. పాలల్లోని ప్రోటీను ఒంట్లో అరిగి బలమయ్యే దారిలో నీకు ఒకచోట అడ్డం పడిందంట. అరగంది రక్తంలో నిలిచి విషమైందంట, ఆ పాకం వాసన దాందేనంట. నేనిచ్చిన పాలే. మీ నాయన నాకు సొంత మేనమామ గదా, ఆ లోపం మా ఇద్దరిలోనూ దాక్కోని ఉండాదంట.

చెల్లెలి మడమకు సూది గుచ్చి రక్తం తీసుకున్నారు. రిపోర్టు ఇంకా రాలే. ఆ వాసనొస్తే మాత్రం పాలు ఆపి అప్పుడే తీసుకురమ్మన్నారు.

ఇందాక పాప గుడ్డ మారుస్తాంటే గుప్పున పాకం వాసన. చూస్తే వంటింట్లో అవ్వ, రేపటి చెనక్కాయ ఉండలకు పాకం పడతాండాది.

"పొయ్యి ఆర్పు అవ్వా" అన్నా.

"ఏమైందే" అనబోయి, నా చేతిలో గుడ్డ చూసి ఆర్పేసింది.

వాసన పోయేదాకా అని వాకిట్లో కూర్చోని నీకు రాస్తాండా. పొయ్యి చల్లారి చాలాసేపైంది. గుడ్డ నా ఒళ్లోనే ఉండాది. ఈ ఉత్తరం అయిపోతే దాన్ని వాసన చూడాల.