అమ్మ ఎందుకు రాయలేదంటే

నల్లగండ్ల, హైదరాబాద్
ఆదివారం

శ్రీవారికి,

జయంతి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ రసజ్ఞా ఆరోగ్యంగానే ఉన్నాం. మీకు ఆకలి వేస్తోందనీ, మాత్ర లేకుండా నిద్ర పడుతోందనీ రాశారు. ఆ రెండు మాటలకే మనసు కాస్త కుదుటపడింది.

మీ ఉత్తరం గురువారం వచ్చింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి రసజ్ఞ దాన్ని విప్పకుండా టేబుల్ మీద పెట్టి, ఎదురుగా కూర్చుని ఉంది. మొదటి ఉత్తరంలో మీ సంతకాన్ని కూడా పోల్చుకోలేకపోయాం. ఈసారి అక్షరాలు గీతల మీద నిలబడ్డాయి. "ఇది నాన్న రాతే" అని కాగితం తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. చాలాసేపటికి గాని బయటికి రాలేదు. నేను పిలవలేదు.

దాని చదువు గురించి అడిగారు. బాచుపల్లి కాలేజీ బస్సు ఇంకా వెలుతురు రాకముందే వచ్చేస్తోంది. టిఫిన్ డబ్బాలో పెడితే బస్సులో తింటోంది, లేదా తిన్నానని చెబుతోంది. మార్కులు తగ్గాయి. నాన్న ఎక్కడున్నారని అక్కడ అడిగితే ప్రాజెక్టు పని మీద బెంగళూరులో ఉన్నారని చెబుతోందట. నేను నేర్పిన మాట కాదు. దానంతట అదే చెప్పుకుంటోంది.

మీ టీమును పక్క బిల్డింగులోకి మార్చారు. మీ బల్ల మీది వస్తువులన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది మీ మేనేజరు ఉదయ్ భాస్కర్ గారే స్వయంగా తెచ్చి ఇచ్చారు. సెలవు గురించి కంగారు పడవద్దని, నయమయ్యాకే రమ్మని చెప్పారు. కాఫీ ఇచ్చాను. ఆయన తల ఎత్తకుండా తాగి వెళ్ళిపోయారు. పెట్టెలో మీ మంచినీళ్ళ సీసా కూడా ఉంది. మూత తీసి చూడాలనిపించలేదు. అలాగే చెత్తబుట్టలో వేశాను.

ఈరోజు ఇల్లు సర్దాం. మీరు వెళ్ళినప్పటి నుంచి ఆదివారం సర్దుడంటే మాకు దుమ్ము దులపడం కాదు, వెతకడం. ఒక్కో వారం ఒక్కో చోటు. చెప్పుల స్టాండు వెనకా, వాషింగ్ మెషీన్ కిందా, చలికాలం దుప్పట్ల మడతల్లోనూ మీరు దాచిన సీసాలు దొరికాయి. ఈ పద్ధతి పెట్టింది అత్తయ్యే. "వాడు వచ్చేలోపల ఈ ఇంట్లో వానికి కనపడేది ఒక్కటీ ఉండగూడదు" అంది. ఒడిలో ఊలు ఉండ పెట్టుకుని సోఫాలో కూర్చుని, అక్కడ చూడు, ఇక్కడ చూడు అని మాకు పని చెప్పేది. ఈరోజు మంచాలు జరిపి ఊడుస్తుంటే మూలల నుంచి నీలం రంగు ఊలు ముక్కలు వచ్చాయి. రసజ్ఞ వాటిని చీపురుతో తోయనివ్వలేదు. ఒక్కొక్కటీ చేత్తో ఏరింది.

ఇంతవరకూ రాసి పెన్ను పక్కన పెట్టాను. లేచి బట్టలు ఆరేసి వచ్చాను. మీరు అడిగిన అసలు ప్రశ్నకు ఇంకా జవాబు రాయలేదు. "అమ్మ కింద రెండు ముక్కలైనా ఎందుకు రాయడం లేదు? నామీద కోపమా?" అని అడిగారు.

కోపం లేదండీ. అత్తయ్య లేదు.

ఈ మాట ఎన్ని విధాలుగా రాయాలని చూసినా ఇంతకంటే మెత్తగా రాలేదు. మీరు అక్కడికి వెళ్ళిన రెండు వారాలకే, కార్తీకం వెళ్ళకముందే పోయింది. తర్వాత మీకు రాసిన ఉత్తరాల్లో అత్తయ్యకు చేతులు నొప్పులని ఒకసారి, గుడికి వెళ్ళిందని ఒకసారి రాశాను. ఆ రెండూ అబద్ధాలే. ఈ కాగితం మీ చేతికి ఇచ్చేటప్పుడు కౌన్సెలర్ చైతన్య గారు మీ పక్కనే కూర్చుని ఉంటారు. అలా కూర్చోమని నేనే అడిగాను. వచ్చి ఎదురుగా చెబుతానంటే, ముందు ఉత్తరంలో చదువుకోనివ్వండి, ఏడవడానికి ఆయనకు కొంత వ్యవధి దొరుకుతుంది, ఆ తర్వాత మీరు రండి అన్నారు. శనివారం నేనూ రసజ్ఞా వస్తున్నాం.

ఎలా జరిగిందని అడుగుతారు. గుండెపోటని రాయవచ్చు. మీ మేనమామ అలాగే రాయమన్నాడు. కానీ ఆ అబద్ధాన్ని నేను జన్మంతా మోయాలి. ఏదో ఒకరోజు రసజ్ఞ నోటి నుంచి మీరు వినడం కంటే నా చేతిరాతలో చదవడం మేలు.

ఆ ఆదివారం నేనూ రసజ్ఞా కూరగాయలకు వెళ్ళాం. వంటింటి అటక మేం వచ్చాక చూద్దామని అనుకున్నాం. అత్తయ్య ఆగలేదు. స్టూలు వేసుకుని ఎక్కింది. ఇత్తడి గిన్నెల వెనక గుడ్డలో చుట్టినది ఒకటి చేతికి దొరికింది. దాన్ని పట్టుకుని దిగబోతుంటే స్టూలు ఒరిగింది.

తలుపు తీయగానే వాసన కొట్టింది. ఒక్క క్షణం మీరే తిరిగొచ్చేశారనుకున్నాను. లోపలికి వెళ్తే అత్తయ్య వంటింటి నేల మీద పక్కకు పడి ఉంది. చుట్టూ గాజు పెంకులు. చీర తడిసిపోయింది. కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. రసజ్ఞ గడపలోనే నిలబడిపోయింది. నేను పక్కింటి రంగనాథ్ గారి తలుపు కొట్టడానికి పరుగెత్తబోతే అత్తయ్య నా కొంగు పట్టుకుంది.

"యాడికి పోతాండావు?"

"రంగనాథ్ గారిని పిలుస్తాను అత్తయ్యా. అంబులెన్స్ కావాలి."

"ఫోన్ చెయ్. ఎవుర్నీ పిలవాకు. ముందు నేల తుడువు."

"నేల సంగతి తర్వాత చూద్దాం."

"తుడువు జయంతీ. నా చీర మార్చు. ఈ వాసనకు ఎవురన్నా వస్తే నా కొడుకును అనుకుంటారు."

ఫోన్ చేసి, గాజు ఏరి, నేల తుడిచాను. ఫినాయిల్ వేసి మళ్ళీ తుడిచాను. విరిగిన తుంటితో ఉన్న మనిషికి రసజ్ఞా నేనూ చీర మార్చాం. కదిపినప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకుంది తప్ప అరవలేదు. అంబులెన్స్ వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉంది. కాలు జారి పడ్డానని రంగనాథ్ గారితో చెప్పింది. ఆయన ఇప్పటికీ అదే నమ్ముతున్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. దానికోసం ఎదురుచూస్తున్నప్పుడు కూడా ఊలు తెప్పించుకుని, మంచం మీద వెల్లకిలా పడుకునే మీ స్వెట్టర్ ఎడమ చెయ్యి పూర్తి చేసింది. "వాడుండే ఆ కొండ మీద సలి ఎక్కువ. ఆఫీసు ఏసీకి అల్లినట్టు పలచగా అల్లితే సాలదు" అంది. తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఐసీయూకి మార్చారు. అక్కడ మాట్లాడగలిగిన ఆఖరి రోజున నన్ను దగ్గరికి పిలిచింది.

"నాకేమన్నా అయితే మధుకు చెప్పాకు. వాడు నిలబడినాక చెప్పు."

"మీరు ఇంటికి వస్తారు అత్తయ్యా."

"వస్తే మంచిదే. రాకుంటే చెప్పాకు. నా మాట పోగొట్టాకు."

మరునాడు మధ్యాహ్నం పోయింది. అప్పుడు రసజ్ఞ కాలేజీలో ఉంది. నేను ఒక్కదాన్నే ఉన్నాను.

మీకు చెప్పకూడదని అత్తయ్య ఒక్కతే అనలేదు. ఆ రోజు నేను మీ డీ-అడిక్షన్ సెంటరుకు ఫోన్ చేశాను. మీకు మళ్ళీ ఫిట్స్ వచ్చి అప్పటికి రెండు రోజులే అయిందని, మనుషుల్ని పోల్చుకోవడం లేదని, ప్రయాణం మాట తలపెట్టవద్దని డాక్టరు చెప్పారు. మీరు రాత్రంతా గోడ మీద చీమలు పాకుతున్నాయని దులుపుతున్నారట. ఆ మనిషికి నేనేం చెప్పను? చెబితే మాత్రం ఏం వింటారు?

మామయ్య రామాంజనేయులు కదిరి నుంచి వచ్చాడు. మిమ్మల్ని ఎలాగైనా తీసుకురావలసిందేనని మొదట పట్టుబట్టాడు. డాక్టరుతో మాట్లాడాక కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత కొరివి ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. తమ్ముణ్ణి కాబట్టి తాను పెడతానన్నాడు.

నేను పెడతానన్నాను.

"కొడుకు బతికుండంగా కోడలు కొరివి పెట్టేదేందమ్మా? యాడన్నా ఉండాదా ఇది?"

"కొడుకు చోట ఇంకొకరిని నిలబెట్టలేను మామయ్యా. ఆయన రాలేరు. ఆయన తరఫున నేనున్నాను. ఎప్పుడైనా అడిగితే, మీ చోట నేనే నిలబడ్డానని చెప్పుకోగలను. మీరు నిలబడితే ఆయనకు ఏమని చెప్పను?"

మామయ్య లేచి కుండ తెప్పించాడు. శ్మశానంలో పనిచేసే మనిషి నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూసి, "కొడుకు లేడా అమ్మా?" అని అడిగాడు. "ఉన్నాడు" అన్నాను. "మరి ఏడున్నడు?" అన్నాడు. "దవాఖానలో" అన్నాను. "గట్లయితే నువ్వే రామ్మా. గీడ నిలబడు" అని చోటు చూపించాడు. తడి చీరతో, భుజం మీద కుండతో తిరిగాను. ఒళ్ళు వణికింది. మీమీద కోపంతోనా, చలితోనా, దుఃఖంతోనా నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

మామయ్య మిమ్మల్ని చూడ్డానికి ఎందుకు రావడం లేదని కూడా అడిగారు. కదిరి నుంచి మీ దగ్గరికి ఎంతో దూరం లేదు. రెండుసార్లు బయలుదేరి బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడట. "వాని మొగం చూసి నేను దాచలేనమ్మా" అన్నాడు. ఇక దాచనక్కరలేదు. వస్తాడు.

దాచమన్నది అత్తయ్యే అయినా, దాచినది నేను. మీ చేతుల్లో వణుకు తగ్గిందని చైతన్య గారు చెప్పిన రోజే చెప్పి ఉండవచ్చు. ధైర్యం చాలలేదు. మొన్నటి ఉత్తరంలో మీరు చేతి కొలత దారంతో కొలిచి, ఆ దారాన్ని అమ్మకిమ్మని కవరులో పెట్టారు. దాన్ని చూశాక ఇంకో అబద్ధం రాయడం నా వల్ల కాలేదు.

స్వెట్టర్ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. కుడి చెయ్యి బి బ్లాకు సరోజమ్మ గారు అల్లారు. అత్తయ్యకు అల్లిక నేర్పింది ఆవిడే గాని, ఆవిడ చెయ్యి బిగువు. రెండు చేతులూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. విప్పి మళ్ళీ వదులుగా అల్లుతానన్నారు. వద్దన్నాను. అలాగే తొడుక్కోండి.

ఇప్పుడు మీరు ఏం చేస్తారో నాకు తెలియదు. అదే నా భయం. ఈ పేజీ చదివి గేటు దాటి రోడ్డెక్కితే ఆపడానికి నేను అక్కడ ఉండను. మీ వల్లే పడిపోయిందని రాయడానికి ఈ ఉత్తరం రాయలేదు. మీకేం సంబంధం లేదని రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు. అటక మీద దాన్ని పెట్టింది మీరు. స్టూలు ఎక్కింది ఆవిడ. తలుపు తాళం వేసుకుని కూరగాయలకు వెళ్ళింది నేను. రోజూ ఈ మూడూ వరసగా గుర్తొస్తాయి. వీటిలో ఏ ఒక్కదాన్నీ తీసేయలేకపోతున్నాను. మీరూ తీసేయలేరు. తాగితే కొన్ని గంటలు మరుపు వస్తుంది. మర్నాడు పొద్దున మళ్ళీ ఇవే ఉంటాయి.

శనివారం రసజ్ఞ మీతో మాట్లాడుతుందో లేదో చెప్పలేను. వస్తానని మాత్రం అంది. ఆ రోజు గడపలో చూసినదాని గురించి ఇంతవరకూ నాతో కూడా ఒక్క మాట మాట్లాడలేదు. మీరు అడగవద్దు. పక్కన కూర్చోండి చాలు.

చివరగా ఒక్క సంగతి. కర్మలన్నీ నేనే చేశాను. అస్థికలు మాత్రం కలపలేదు. శ్మశానంలో అస్థికలు పెట్టే గదిలో, అత్తయ్య పేరు రాసిన అరలో ఉన్నాయి. ఏడాది లోపల కలపవచ్చని పురోహితుడు చెప్పాడు. అన్నీ మీ చోట నేను చేయగలిగాను గాని, ఇది మీకోసం ఆపాను. ఆ అర తాళం నా దగ్గర ఉంది. మీరు బాగై రండి, మీ చేతికిస్తాను. తాగి వస్తే మాత్రం ఇవ్వను. ఏడాది గడిచే రోజున నేనే వెళ్ళి నీళ్ళలో కలిపి వస్తాను.

ఇట్లు,
కమలమ్మ గారి కోడలు,
మీ జయంతి